తొందరపడి చెప్పిన సాక్ష్యం

ఆ మంగళవారం ఇంటర్ పిల్లలకు బోర్డు మీద బెంజీన్ రింగ్ గీస్తూ సగంలో వంగిపోయాను. సుద్దముక్క వెతుక్కుంటున్నానని పిల్లలు అనుకున్నారు. పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయింది. హిందూపురంలో పదేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎథనాల్ గురించి సిలబస్‌లో లేనిది కూడా నాకు కొంత తెలుసు.

"తాగుతారా?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"అప్పుడప్పుడు మేడం."

"దినామూ అప్పుడప్పుడే మేడం," అంది నా భార్య మార్త.

సీరం లైపేజ్, సీటీ స్కాన్ మార్త పక్షానే మాట్లాడాయి. "అక్యూట్ పాంక్రియాటైటిస్, తాగుడుకి పాంక్రియాస్ వాచిపోయింది. ఇంకొక్క చుక్క తాగినా ప్రాణం మీదికొస్తుంది. డీ-అడిక్షన్ కౌన్సెలింగ్‌కి వారం వారం రావాలి, మాత్రలు మానకూడదు," అంది డాక్టరమ్మ. డ్రిప్ మీద వారం పడుకున్నాను. నోటికి ప్రార్థన తప్ప వేరే పని లేదు. నిజంగానే ప్రార్థించాను.

డిశ్చార్జ్ అయిన మూడో ఆదివారం పాస్టరుగారు భుజం తట్టారు. "దేవుడు చేసిన మేలు దాచిపెట్టద్దు బ్రదర్. సాక్ష్యం చెప్పల్ల."

మైకు ఇస్తే నేను ఊరుకునే రకం కాదు. నవ్వించాను, ఏడిపించాను, తాగుడు నుంచి పూర్తి విడుదల పొందానని ప్రకటించాను. పెనుకొండ సంఘం పిలిచింది, తర్వాత ధర్మవరం. విడుదల పొందినవాడు డీ-అడిక్షన్ క్లినిక్ బయట బెంచీ మీద కనిపిస్తే బాగుండదని అక్కడికి పోవడం మానేశాను. మాత్రలూ మానేశాను. నా అనారోగ్యంలో నేను సొంతంగా చేసిన పరిశోధన ఇదే.

ధర్మవరం కూటం నుంచి తిరిగి వస్తూ పెనుకొండలో బస్సు దిగి తాగాను. ఎవరికి చెప్పుకోను? చెప్పుకోగలిగిన వాళ్లందరూ నాకు చప్పట్లు కొట్టినవాళ్లే. నాలుగు నెలలు తాగుతూనే సాక్ష్యాలు చెప్పాను. పాపం దాచుకుని తీసుకోకూడదని తెలిసీ ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె కూడా తీసుకున్నాను.

రెండోసారి నేరుగా ఐసీయూకే పోయాను. పాంక్రియాస్ పక్కన సూడోసిస్ట్ అనే నీటితిత్తి, ఆపైన షుగర్. "ఊరూరా సాక్ష్యం చెప్పారంట. తాగిన సంగతి నాకు చెప్పుంటే బాగుండేది," అంది డాక్టరమ్మ. మార్త సంచిలోంచి నేను విప్పని మాత్రల అట్టలు తీసి ఆమె ముందు పెట్టింది. అదే ఎక్కువ నొప్పి.

ఇంటికొచ్చాక వచ్చిన నెల మొదటి ఆదివారం, సంఘపెద్ద ఏసురత్నం తాత రొట్టె పళ్లెం నా ముందుకు తెచ్చాడు. నేను చెయ్యి చాపలేదు.

"తీసుకో అప్పా," అన్నాడు మెల్లగా.

"వద్దు తాతా. తాగినా. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినా."

మందిరం నిశ్శబ్దంగా ఉండటంతో చివరి వరుసకూ వినబడింది. ఈ సాక్ష్యానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆహ్వానాలు ఆగిపోయాయి. "మా కూటానికొచ్చి ఏడిపిచ్చినోడు వీడే," అని బస్టాండులో ఒకామె నన్ను వేలితో చూపింది. తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో బలహీన సహోదరుల కోసం ప్రార్థించమన్నారు. పేరు చెప్పలేదు. అందరూ నావైపు తిరగడంతో ఆ అవసరం రాలేదు.

ఆ సాయంత్రం తాత ఇంటికొచ్చాడు. "నువ్వు తాగే టైమెప్పుడప్పా?"

"ఆరున్నర."

"అయితే ఆ పొద్దుకే వస్తా."

రోజూ వచ్చి, వాక్యం చెప్పకుండా కూర్చుని, చిన్న ప్రార్థన చేసి పోయేవాడు. నేను క్లినిక్‌కి మళ్లీ పోవడం మొదలుపెట్టాను. ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ బ్రాందీ షాపు ముందు ఆగిపోయాను. పరలోకం నుంచి స్వరమేమీ వినబడలేదు. "ప్రభువా, ఈ పొద్దు ఒక్కటి దాటించు," అన్నాను. కాసేపటికి కాళ్లు ఇంటివైపు కదిలాయి, నాకంటే భక్తిగా.

తాగి రెండేళ్లు దాటింది. పాంక్రియాస్ క్షమించలేదు. రోజూ ఇన్సులిన్ ఉంది. ఇంటికి రాగానే మార్త బాగా దగ్గరికొచ్చి నిలబడుతుంది. ప్రేమ అనుకుంటే నాకు బాగుండేది, కానీ ఆమె వాసన చూస్తోంది. చూడనిస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. మానేశానని పదిమందికి చెప్పేముందు, మళ్లీ తాగితే ఎవరికి చెప్పుకుంటారో ఆ ఒక్క మనిషిని వెతుక్కోండి. ఆ మనిషి దొరికేదాకా మైకు ముట్టుకోవద్దు.