పల్లి చేనులో ఫైనలియర్ ప్రాజెక్టు

మా ఇంట్లో చదువుకు అందరికంటే ఎక్కువ గౌరవం ఇచ్చింది నేనే. అందరూ ఏడాదిలో వదిలేసే ఏడో తరగతికి నేను రెండేళ్లు ఇచ్చాను. అప్పట్లో ఏడుకు పబ్లిక్ పరీక్ష ఉండేది. రెండోసారి కూడా దాని మనసు మారకపోయేసరికి, ఇక ఇబ్బంది పెట్టడం బాగుండదని నేనే తప్పుకున్నాను. ఇప్పుడు తెలకపల్లి నుంచి కోడేరు దాకా ట్రాలీ ఆటోలో అరటిపండ్లు అమ్ముతాను. ఆటో మీద మైకు, మైకులో నా గొంతు. అలాంటివాడిని మా అక్క కూతురి ఇంజనీరింగ్‌లో కూడా ఆ గొంతు పెట్టాను.

ఆ పిల్ల వనపర్తిలో ఈసీఈ చదివింది. ఆ బ్రాంచి కోరి తీసుకున్నది కాదు. కంప్యూటర్ సైన్సు రాలేదు, ఇది వచ్చింది, అంతే. "ఏ బ్రాంచైతేంది, ఆఖరుకు సాఫ్ట్‌వేరే గద" అని చుట్టాలు ఓదార్చారు. మొదటి రెండేళ్లు ఆమె చదువు ఎక్కువగా జిరాక్స్ సెంటర్లోనే సాగింది. పరీక్షకు ముందు ముఖ్యమైన ప్రశ్నల కట్ట కొనుక్కోవడం, బట్టీ పట్టడం, రాసి బయటికి రాగానే మరచిపోవడం.

ఒకసారి అడిగాను. "ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"సిగ్నల్స్ మామా."

"మరి మన్ననూర్ తొవ్వల నా ఫోనుకు సిగ్నల్ ఎందుకొస్తలేదు?"

"అది సిలబస్‌ల లేదు మామా."

మూడో ఏడాది చివర్లో ల్యాబు మేడమ్ ఒకామె వాళ్లకు ఒక మాట చెప్పిందట. మీ ఇంటి దగ్గర మిమ్మల్ని ఏది సతాయిస్తుందో చూడండి, దానికి మందు కనిపెట్టండి, అదే మీ ఫైనలియర్ ప్రాజెక్టు అని. ఇది కొత్త మాట. మామూలుగా ప్రాజెక్టు ఎవరూ చేయరు, హైదరాబాద్ పోయి కొనుక్కొస్తారు. దుకాణం వాళ్లు డబ్బాతోపాటు ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతారు.

మా పిల్ల ఇంటికొచ్చి నాతో అంది. "మామా, మనింట్ల సతాయించేటియి రెండే. ఒకటి కోతులు, ఇంకోటి నువ్వు. నీకు మందు లేదు గని, కోతులను సూస్త."

కోడేరు దగ్గర మా బావకు పల్లి చేను ఉంది. కాయ పట్టిందంటే చాలు, కోతుల మంద దిగుతుంది. చెట్టును పీకి, కాయలు ఒలుచుకుని, పొట్టు మనకు వదిలి పోతుంది. అందుకని పిల్ల, ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి ఒక డబ్బా తయారు చేశారు. అందులో కెమెరా ఉంటుంది. కోతి కనిపిస్తే గుర్తుపట్టి మైకులో అరుస్తుంది. ఏది కోతో దానికి నేర్పడానికి వందల ఫోటోలు తీశారు. మొదట్లో అది బర్రెను చూసి అరిచింది, నెత్తికి తువాల చుట్టుకున్న బావను చూసి ఇంకా గట్టిగా అరిచింది. "జర ఆగు నాయినా, నీకు కోతికి తేడా సెప్తున్న దానికి" అని పిల్ల బతిమిలాడుకుంది. పాత సామాన్ల వాడికి వేద్దామని కట్టిపెట్టిన రెండో ఏడాది పుస్తకాలను తాడు విప్పి మళ్లీ మంచం మీదికి తెచ్చుకుంది. పరీక్ష లేకుండా పుస్తకం తెరిచిన మనిషిని మా ఇంట్లో అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ చలికాలంలోనే సేద్యం పరికరాలు చేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు కాలేజీకి వచ్చి, చదువు కాగానే హైదరాబాద్ వచ్చి చేరమన్నారు. పిల్లకు నేల మీద కాలు నిలవలేదు. బావ మాత్రం ఒప్పుకోలేదు.

"సేద్యం పనికి గంత సదువెందుకు? ఈడ చేను లేదా? మంచిగ సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల చేరు."

పిల్ల గొడవ పెట్టుకోలేదు. "నాయినా, పల్లి పీకేదాక నా డబ్బా కోతులను ఆపితే నేను ఆ కంపెనీకి పోత. ఆపకపోతే కోచింగ్‌ల చేరుత" అంది.

బావ ఒప్పుకున్నాడు. ఆయన ధీమా కోతుల మీద.

అప్పటిదాకా డబ్బా ఉత్తగా కీచుమని అరిచేది, కోతులు బెదరాలంటే దానికి మనిషి గొంతు కావాలన్నారు. "మూడు మండలాల్ల నా అసుంటి గొంతు ఎవరికుంది?" అని నేనే ముందుకొచ్చాను. నా ఆటోకు ఉన్న రెండో మైకు కూడా విప్పి ఇచ్చాను. "ఏయ్, పో, పో" అని గుండెలనిండా అరిచి రికార్డు చేయించుకున్నాను.

మరునాడు పొద్దున అందరం గట్టు మీద కూర్చున్నాం. కోతులు వచ్చాయి. డబ్బా గుర్తుపట్టింది. నా గొంతు చేనంతా మోగింది. కోతులు ఆగాయి, చెవులు రిక్కించాయి. తర్వాత మంద మొత్తం మైకు దిక్కుకు పరుగెత్తింది. గుట్ట దగ్గర ఆగినవి కూడా దిగి వచ్చాయి. కొన్ని మైకు కింద కుదురుగా కూర్చుని చూడసాగాయి.

"బామ్మర్దీ, ఇది కోతులను ఎల్లగొట్టే మిషనా, బంతి భోజనానికి పిలిచే మిషనా?" అన్నాడు బావ.

స్నేహితురాళ్లు ఇక హైదరాబాద్ పోయి ఒకటి కొనేద్దామన్నారు. పిల్ల కోతులను చూసింది, మైకును చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మామా, నువ్వు రోజూ బువ్వ యాడ తింటవ్?"

"గీ రోడ్డు మీదనే, మీ చేను పక్కకు."

"మెత్తవడ్డ పండ్లు ఏం జేస్తవ్?"

"ఏం జేస్త, కోతులకేస్త. పాపం, నా గొంతు ఇనంగనే ఉరికొస్తయ్."

అన్నాక నాకే అర్థమైంది. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. పందెం ఓడిపోయేలా ఉన్న మనిషి అంత నవ్వడం నేను చూడలేదు. "కోతుల తప్పు లేదు, డబ్బా తప్పు గూడ లేదు. గొంతు మార్సాలె" అంది.

అప్పుడే అక్క సద్ది పట్టుకుని వచ్చింది. చేనులో కోతులను చూసి గిన్నె కింద పెట్టి ఒక్క కేక వేసింది. మంద గుట్ట ఎక్కేసింది. పిల్ల ఫోను తీసి, "అమ్మా, ఇంకోసారి గట్లనే" అంది.

అక్క కొంగు సర్దుకుంది. "ఊకనే ఎట్ల తిడ్తరు? కోపం రావాలె గద."

కోపం తెప్పించడం నాకొచ్చిన ఒకే ఒక్క విద్య. గిన్నె మూత తీసి వాసన చూసి, "అక్కా, కోతులు పల్లికాయకు ఎందుకొస్తున్నయో ఇప్పుడు తెలిసింది. నీ పప్పు ఒకసారి తిన్నట్టున్నయ్" అన్నాను.

మూడు నిమిషాల రికార్డింగు వచ్చింది. ఒక్క మాట కూడా మళ్లీ రాలేదు. సాయంత్రం మైకులో అది మోగగానే కోతులు పోయాయి, గట్టు మీద బీడీ కాల్చుకుంటున్న బావ కూడా బీడీ పడేసి లేచి నిలబడ్డాడు.

కొన్నాళ్లకు కోతులు దానికీ అలవాటు పడసాగాయి. పిల్ల వారానికో కొత్త తిట్టు ఎక్కించింది. అక్క దగ్గర సరుకు తక్కువ కాలేదు, రేపడానికి నేను ఉండనే ఉన్నాను.

వనపర్తిలో ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు కొన్న డబ్బాల వాళ్లను తొందరగానే పంపేశాడట. మా వాళ్లను కూర్చోబెట్టుకుని, మొదట ఎందుకు పనిచేయలేదని అడిగాడట. "కోతులు ఉరికొచ్చినయి సార్" అని పిల్ల మొత్తం చెప్తే, పెన్ను పక్కనపెట్టి అక్క తిట్లు వినిపించమన్నాడట. వరండాలో పోతున్నవాళ్లు ఆగిపోయారట.

పల్లి పీకేదాకా డబ్బా నిలబడింది. ఎడ్లబండి నిండా కాయ ఇంటికి చేరినరోజు బావ పిల్లను పిలిచి, "కంపెనీకి పోయెటప్పుడు ఆ డబ్బా ఈడనే ఇడిసిపో" అన్నాడు. సరే అనడం ఆయన పద్ధతిలో అంతే. పిల్ల ఎగిరి ఆయన మెడ పట్టుకుంది.

ఆమెను బస్సెక్కించి వచ్చిన రోజు అక్క కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. నవ్వించాలని నేనే అన్నాను. "ఏం గొంతక్కా నీది. ఒక్క కేకకు కోతుల మందంత గుట్టెక్కె."

అక్క ముక్కు చీది నా దిక్కు చూసింది. "కోతులు నయం తమ్మీ. తిడ్తె పోతయ్. నువ్వు తిట్టించుకొని, బువ్వ తిని, సద్ది గూడ కట్టించుకొని పోతవ్."