అల్లం బీరుకు తోడు

మంగళగిరి బస్సులో నా పక్క సీటాయన సంచిలోంచి సీసా తీసి మూత కాస్త వదులు చేశాడు. సుయ్‌మని గాలి, వెనకే అల్లం వాసన. నాకు కడుపు మండిపోయింది.

నేనూ ఇంట్లో అల్లం బీరు చేయడం నేర్చుకుంటున్నాను. ఎన్నిసార్లు పెట్టినా ఒక్క బుడగ లేవదు. పానకం తాగాలంటే మంగళగిరి వెళ్తే పోలేదా అంటుంది మా ఆవిడ.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారండీ?" అన్నాను.

"ఇదే మొదటిసారండీ. మా చెల్లెలికి రుచి చూపిద్దామని."

మొదటిసారట. మంట ఇంకా పెరిగింది. మీరెలా చేస్తారని ఆయన అడిగితే చెప్పాను. అల్లం, బెల్లం నీళ్ళు బాగా మరిగించి, పొయ్యి మీద ఉండగానే ఈస్ట్ వేస్తానని.

ఆయన నవ్వలేదు. నవ్వినా బావుండేది.

"మరిగే పాలల్లో తోడేస్తామా అండీ?" అన్నాడు మెల్లగా.

దిగబోతూ తన సీసా నెమ్మదిగా తిప్పి, అడుగున ఉన్న మడ్డి పైకి లేచాక, కొంచెం నా ఖాళీ నీళ్ళ సీసాలోకి వంచాడు. "తోడుకి ఉంచండి. చల్లారాకే వేయండి."

ఇప్పుడు నా సీసాలూ సుయ్‌మంటున్నాయి. మా ఆవిడ రెండో గ్లాసు కూడా అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ ఆయన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది నాకు.