చెంచురామయ్య గారి నూట పన్నెండు ప్రశ్నలు

డాక్టర్ చెంచురామయ్య గారికి ఒక్కటే జబ్బు. పెళ్ళయిన మగాడు కంటబడితే ప్రశ్నలు అడక్కుండా ఉండలేరు. అవేమీ కుశల ప్రశ్నలు కావు. “పెళ్ళయి ఎన్నేళ్ళు? పిల్లలెందరు? చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా? చేలో మందు కొట్టిన లుంగీతోనే అన్నానికి కూర్చుంటావా?” ఇలా మొత్తం నూట పన్నెండు.

గుంటూరు బ్రాడీపేటలో పిల్లల్లేని దంపతులకు వైద్యం చేస్తూ, పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టే రైతులకు వీర్యకణాలు తగ్గుతున్నాయేమోనని ఆయన పరిశోధన చేసేవారు. ఆ ల్యాబులో రెబ్కా టెక్నీషియనుగా చేరింది రెండువేల ఒకటిలో. చేరిన నెలకే కరెంటు బిల్లు కొట్టే అతను గేటు బయట నుంచే కాగితం లోపలికి విసిరి ఎందుకు పరిగెడుతున్నాడో ఆమెకు అర్థమైంది.

రెబ్కా అన్న అనిల్ కుమార్ పెళ్ళికి డాక్టరు గారు చర్చికి వచ్చారు. అక్షరాలా అయిదు నిమిషాల కిందట పెళ్ళయిన వాడి చేతిలో గోడగడియారం పెట్టి, “గవదబిళ్ళలు?” అన్నారు. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు. ఇప్పటికీ ఆ ఆల్బంలో అనిల్ కుమార్ రెండు చేతులతో రెండు దవడలూ పట్టుకుని ఉంటాడు.

“సార్, నూట పన్నెండు అడుగుతారు. కంప్యూటర్లోకి ఎక్కించేది తొమ్మిదే. మిగతా నూట మూడూ ఎందుకండీ?” అని రెబ్కా ఒకసారి అడిగేసింది.

“అడగాలమ్మా,” అన్నారాయన. అంతే.

రెండువేల మూడు ఎండాకాలంలో నల్లపాడు అవతలి ఊరి నుంచి సుబ్బరావమ్మ అనే ఆవిడ తన కోడలు జ్యోతిర్మయిని తీసుకొచ్చింది.

“ఎనిమిదేళ్ళయింది డాక్టరు బాబూ, దీనికి కడుపు పండలా. మూడు ఆసుపత్రులు తిప్పాం. రెండుసార్లు పొట్ట కోసి చూశారు. మీరూ ఒక మాట చెప్పేస్తే మావాడికి ఇంకో సంబంధం చూసుకుంటాం.”

“మీవాడేడమ్మా?”

“వాడికేం? పత్తి బోరెం ఒంటిచేత్తో లేపుతాడు!”

“బోరెం లేపేవాళ్ళు నాకు ప్రత్యేకం కావాలి. అతను వస్తేనే ఈ అమ్మాయిని చూస్తాను.”

వారం తర్వాత కొడుకు యలమంద వచ్చాడు. తల్లినీ భార్యనీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తను మాత్రం గుమ్మం దగ్గర వదిలిన చెప్పుల వైపే చూస్తూ లోపల కూర్చున్నాడు. రెబ్కా శాంపిల్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టబోతే డాక్టరు గారు కళ్ళతోనే వద్దన్నారు.

“ఎడ్లా, ట్రాక్టరా?”

“ఎడ్లేనండి.”

“పేర్లు?”

యలమంద తలెత్తాడు. పేర్లు చెప్పాడు. ఏ ఎద్దు పొడుస్తుందో చెప్పాడు. మిరప నారు ఎవరి దగ్గర కొన్నాడో, పోయినేడు తెగులు ఎలా తగిలిందో, మందు ఏ గాలికి కొడతాడో కూడా చెప్పాడు. గవదబిళ్ళలు రాలేదన్నాడు. గంట గడిచింది. ఎనభయ్యో ప్రశ్న దగ్గర అతనే, “ఇంతకీ ఏదో పరీక్ష ఉందంటగదండీ, ఆ డబ్బా ఇటివ్వండి, చూద్దాం,” అన్నాడు.

మైక్రోస్కోపు కింద స్లైడు మొత్తం వెతికినా రెబ్కాకు కదిలే కణాలు వేళ్ళమీద లెక్కబెట్టేటన్ని కూడా దొరకలేదు. కాగితం తెచ్చిచ్చి, మెల్లగా అంది. “ఎనభై ప్రశ్నలు కావలసి వచ్చాయి సార్.”

“ముందే డబ్బా ఇస్తే ఏ మగాడైనా లేచి వెళ్ళిపోతాడమ్మా. అతను వెళ్తే కత్తి మళ్ళీ ఆ పిల్ల పొట్ట మీదికే వస్తుంది,” అన్నారాయన.

తర్వాత యలమందను పరీక్ష చేసి విషయం దాచకుండా చెప్పారు. బీజాల దగ్గర నరాలు ఉబ్బి, ఆ వేడికి కణాలు తగ్గాయనీ, చిన్న ఆపరేషనుంటుందనీ, ఫలితం ఉండొచ్చు, లేకపోవచ్చనీ. యలమంద మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

“చివరి ప్రశ్న, యలమందా. బయట కూర్చున్న వాళ్ళకు ఈ మాట ఎవరు చెబుతారు? నేనా, నువ్వా?”

యలమంద లేచి బయటికి నడిచాడు. బెంచీల నిండా జనం.

“అమ్మా, లోపం నాలోనే ఉందంట. ఇంకో సంబంధం మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను.”

సుబ్బరావమ్మ అదిరిపడింది. “ఇంతమందిలో ఏందిరా ఆ మాట!”

“ఎనిమిదేళ్ళూ దాన్ని ఇంతమందిలోనేగా అన్నావు.”

జ్యోతిర్మయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపేమో అనుకుంది రెబ్కా. కాదు, నవ్వు. సుబ్బరావమ్మ ఎవరి మొహమూ చూడకుండా లేచి, కోడలి చేతిలోని సంచీ లాక్కుంది. “దా, సోడా తాగుదాం. ఎండ పేలిపోతంది.”

ఆ నెల్లోనే ఆపరేషనైంది. ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ల్యాబులో ఫోను మోగింది. యలమంద పెద్దాసుపత్రి పక్కన కాయిన్ బాక్సు నుంచి అరుస్తున్నాడు. “ఆడపిల్లండీ!”

“తల్లెలా ఉంది? అన్నం తిన్నదా? రక్తం ఎక్కువ పోయిందా? పక్కన ఎవరున్నారు?” డాక్టరు గారు మొదలుపెట్టారు. అయిదో ప్రశ్నకు లైను కట్టయింది.

“జవాబు చెప్పకుండానే పోయాడమ్మా! పద, చూసొద్దాం,” అంటూ చొక్కా గుండీ సగం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. నాగూర్ వలి అనే కుర్ర డ్రైవరు ఆటో ఆపాడు. రెబ్కా ఎక్కేలోపే డాక్టరు గారు ముందుకు వంగి, అతని సీటు కింద చెయ్యి పెట్టి చూశారు.

“బాబూ, ఇంజను వేడి ఇంతలా తగుల్తుందే! నీకు పెళ్ళయిందా?”