గడియ పెట్టుకొని కూర్చున్నాను

గర్భసంచి తీయించడానికి మా అత్త రోజు కూడా చూసిపెట్టింది. సోమవారం. ఆమెకు తీశారు, మా తోటికోడలికి తీశారు, ఇక నా వంతు. నాకు గంటకు నాలుగుసార్లు మూత్రం వచ్చినట్టుండటం, పోతే మంట. వాడలో సూది వేసే డాక్టరు ఏ పరీక్షా చేయకుండానే గర్భసంచి ఖరాబైందని తేల్చేశాడు.

"స్కానింగ్ తీయకుంట నన్ను ఎవ్వరు కొయ్యద్దు" అన్నాను.

"మాకెవరు తీసిండ్రే స్కానింగులు? జర ఎక్కువ చేస్తానవ్" అంది అత్త.

ఎక్కువే చేశాను. ఒక్కదాన్నే ఆటో ఎక్కి హనుమకొండ దవాఖానకు వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ కడుపునిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకోమంది. నాకు నవ్వొచ్చింది. పద్నాలుగేళ్లుగా పవర్‌లూమ్ షెడ్డులో పని నాది. అక్కడ ఆడవాళ్లకు బాత్రూం లేదు. ఆపుకోవడంలో నన్ను మించినవాళ్లు ఎవరు?

పొట్ట మీద జెల్లు రాసి చూసి, "ఇప్పుడు పోయి రా" అంది. చిటికెలో వచ్చేశాను. మళ్లీ చూసి నొసలు ముడిచింది.

"సగం గూడ పోలేదమ్మా. గింత జల్ది ఎట్ల వచ్చినవ్?"

చెప్పాను. షెడ్డు వెనక గోడచాటుకు ఇద్దరిద్దరం వెళతాం. ఒకరు కూర్చుంటే ఒకరు కాపలా. కాపలా మనిషి దగ్గిందంటే ఎవరో వస్తున్నారని గుర్తు. ఎక్కడిదక్కడ ఆపి లేవాలి.

"ఈడ ఎవ్వరు దగ్గరు. గడియ పెట్టుకొని నిమ్మళంగ కూసో. అయిపోయిందనుకున్నంక గూడ జరసేపు కూసో."

కూర్చున్నాను. అయిపోయిందనుకున్నాక మళ్లీ వచ్చింది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపంతో ఒళ్లు మండింది. పద్నాలుగేళ్లు నా ఒంటికి నేను ఇంత సమయం కూడా ఇవ్వలేదు.

మూడోసారి స్కానింగులో మూత్రసంచి ఖాళీగా కనబడింది.

"గర్భసంచి మంచిగున్నది. నీళ్లు తాగక, సగం సగం పోసి ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నట్టున్నవ్. మూత్రం టెస్టు చేపించు, మందులు రాస్తా. కోతెందుకు?"

స్కానింగు కాగితం అత్త చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చాలాసేపు పట్టుకొని కూర్చుంది. తన కడుపు మీద ఒకసారి చెయ్యి వేసుకుంది.

సోమవారం దవాఖానకు కాదు, రెండు లీటర్ల నీళ్ల సీసాతో షెడ్డుకు వెళ్లాను. పక్కనే షెడ్డు యజమాని సేటు ఇల్లు. మధ్యాహ్నం నా కాపలా మనిషిని వెంటబెట్టుకొని నేరుగా వాళ్ల హాల్లోంచి నడిచి, వాళ్ల బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

"ఎవరు లోపట?" సేటు తలుపు బాదాడు.

"నేనే సేటూ. జర టైం పడతది. షెడ్డుల బాత్రూం కట్టించేదాక రోజు గింతే."

బయట నా కాపలా మనిషి గట్టిగా దగ్గింది.

నేను లేవలేదు.