బాయిలర్ కన్నం కొలత

బాయిలర్ పనిలో చేరిన కొత్తలో అతను బక్కపలచగా ఉండేవాడు. మేస్త్రీ చూడగానే ‘సన్నోడు’ అని పేరు పెట్టాడు. మూత తీసిన కన్నంలోంచి బల్లిలా లోపలికి జారి, పగుళ్లకు వెల్డింగ్ చేసి వచ్చేవాడు. ఇరవై రెండేళ్లలో పేరు మారలేదు, ఒళ్లు మాత్రం మాట వినలేదు.

ఆ కన్నం కొలతకు ఇనుప చువ్వను వలయంలా వంచి ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. ప్రతి ఆదివారం దాన్ని కిందికి దించి, చేతులు పైకెత్తి అందులోంచి దూరేవాడు. నాలుగు వారాలుగా చువ్వ పొట్ట దగ్గరే ఆగిపోతోంది.

“సోమవారం లోపలికి దూరితే సరే. లేదంటే గేటు దగ్గర కాపలా కూర్చో” అని మేస్త్రీ తేల్చేశాడు.

దొంగతనంగా తింటున్నాడని భార్య వంటింటికి తాళం వేసింది. అతను కాదనలేదు. స్నానాల గదిలో దాక్కుని బిస్కెట్లు తిన్నమాట నిజమే. తింటూ ఏడ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

పక్కనే పనిచేసే బావమరిది రెండు క్యారియర్లు ఊడ్చేసినా పుల్లలాగే ఉంటాడు. “నీకు గాలి పీల్చినా ఒళ్లొస్తుంది బావా” అని నవ్వేవాడు.

శనివారం డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది.

“మీ నాన్నగారు కూడా ఇంతేనా?”

“ఇంతేనండి. చివరికి మంచం దిగలేకపోయాడు.”

“మీ జన్యువుల్లో పుట్టుకతోనే చిన్న తేడా ఉంది, వయసు పెరిగాక బయటపడింది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. మీది తిండియావ కాదు.”

“మందుందా అమ్మా?”

“ఉంది. నెలలు పడుతుంది.”

“సోమవారానికి?”

ఆమె అదంతా కాగితం మీద రాసి చేతికిచ్చింది.

సోమవారం తల, భుజాలు దూరాయి. పొట్ట ఇరుక్కుంది. ఇద్దరు కాళ్లు పట్టి వెనక్కి లాగారు. బావమరిది లోపలికి వెళ్లాడు. సన్నోడు మోకాళ్ల మీద కూర్చుని ఇనుముకు చెవి ఆనించాడు.

“ఆగరా. అతుకు పైపైనే పడుతోంది. కరెంటు పెంచు, చెయ్యి నిదానించు.”

“చూడకుండానే ఎలా తెలిసింది బావా?”

“వినబడుతోంది. ఇంకొంచెం... ఆ, అదీ.”

అతుకు సరిగా పడుతుంటే బాణలిలో ఏదో వేగుతున్న చప్పుడొస్తుంది. ఇన్నేళ్లూ అతను చెయ్యి సరిచూసుకున్నది ఆ చప్పుడుతోనే. ఇప్పుడది వింటుంటే నోట్లో నీళ్లూరాయి. సిగ్గుతో తల వంచుకున్నాడు.

మేస్త్రీ అంతా విన్నాడు. అయినా అతనికి గేటు దగ్గరే కుర్చీ వేయించాడు.

సాయంత్రం భార్య డాక్టర్ కాగితం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని వంటింటి తాళం తీసింది.

“నన్ను క్షమించండి. ఇక తాళం వేయను.”

అతను అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. తెరిచిన తలుపు వంక చూశాడు.

“వేసెయ్యి,” అన్నాడు. “మళ్లీ ఆకలేస్తోంది.”