కావేరికి పిన్ని నంబరు నేర్పడానికి వెళ్లిన రోజు

కావేరి వాళ్లమ్మ చనిపోయి రెండు నెలలైందని తెలిశాక, ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డునున్న వాళ్ల పల్లెకు వెళ్లకుండా ఉండలేకపోయాను. పద్నాలుగేళ్ల కావేరికి మేధో వైకల్యం. నిరుడు వాళ్లింటికి వెళ్లి పాఠాలు చెప్పే టీచరును నేను. ఎక్కడైనా తప్పిపోతే చెప్పుకోవాలని వాళ్లమ్మ ఫోన్ నంబరు నేర్పాను. ఊరికే వల్లె వేయించడం కన్నా, కాస్త ఆగి బిడ్డ తానే గుర్తుతెచ్చుకునేలా చేస్తూ, ఆ ఎడం నిమిషం నుంచి గంటకు, రోజుకు, వారానికి పెంచితే జ్ఞాపకం నిలుస్తుందని పరిశోధనలు చెబుతాయి. అలాగే చేశాను. నిలిచింది.

ఉదయం ఏడున్నరకు నెల్లూరులో బస్సెక్కితే గంటలోపే ముత్తుకూరు. అక్కడి నుంచి పల్లెకు బస్సు లేదు. మస్తాన్ అనే ఆటో అన్న రెండు వందలకు ఒప్పుకున్నాడు. ఎవరింటికో చెప్పగానే, "ఆ పాపా మేడం? కనబడినోళ్లనంతా ఫోన్ చెయ్యమంటాది. నేనూ ఒకసారి చేసినాను. స్విచ్చాఫ్ అని వచ్చినాది" అన్నాడు.

కావేరి గడప మీదే కూర్చుని ఉంది. నన్ను చూడగానే పది అంకెలూ తడబడకుండా చెప్పేసి, "చెయ్యి టీచరమ్మా, అమ్మ ఎత్తుతాది" అంది. ఇప్పుడు దాన్ని సాకుతున్న పిన్ని వెంకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అది మర్చిపోయేటట్టు చెయ్యలేవా మేడం? రోజూ ఇదే మాట, తట్టుకోలేకుండా ఉండాను."

మరిపించడం నా చేతిలో లేదన్నాను. వెంకమ్మ నంబరు మొదలుపెట్టాను. నాలుగంకెలు పిన్నివి చెప్పేది, ఆపైన అమ్మవి దూరేవి. పాత జ్ఞాపకం కొత్తదానికి అడ్డొస్తుందని చదువుకున్నదే. అందుకే వెంకమ్మ ఫోటో ఒక అట్టకు అంటించి, అది చూపించినప్పుడు మాత్రమే ఆ నంబరు అడిగాను. ఐదు నిమిషాలకోసారి, పావుగంటకోసారి. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనాలయ్యాక అడిగితే మొత్తం సరిగ్గా చెప్పింది.

తర్వాత అట్టను తడుముతూ, "ఇది పిన్నిది. అమ్మ చచ్చిపోయినాది గదా" అంది. ఆ మాట దాని నోట రావడం అదే మొదటిసారట. "మరి అమ్మ నంబరు నేనే పెట్టుకోనా?"

"పెట్టుకో తల్లీ" అన్నాను. వెంకమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మూడింటికి మస్తాన్ అన్న వచ్చాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ నంబరు పక్కాగా నిలిచేలా నేర్పానని ఒకప్పుడు ఎంత పొంగిపోయానో తలచుకుని ఏడ్చాను. ఎత్తే మనిషే లేని రోజు వస్తుందని నాకు తట్టనే లేదు. ఇలాంటి పిల్లల ఇళ్లకు వెళ్లే టీచర్లకు ఒక్క మాట: మొదటి నెలలోనే ఇంటివాళ్లలో ఇద్దరి నంబర్లు నేర్పండి, ఒక్కో నంబరుకు ఒక్కో ఫోటోతో.