ఖాళీ దిమ్మకు పెట్టిన బొట్టు

పక్క షెడ్డు బావ నిద్రలోనే పోయాడని పొద్దున్నే ఫోనొచ్చింది. ఆ రోజు దువ్వాడ దారిలో మా షెడ్లేవీ తెరవలేదు. వరసకు ఆయన నాకేమీ కాడు, ఒకరినొకరం బావా అని పిలుచుకోవడమే. ఆయనది ఇనప కడ్డీల్ని గిర్రున తిప్పి చెక్కే లేత్ మిషను పని, నాది ఎగుమతి సరుక్కి చెక్కపెట్టెలు కొట్టే పని. మధ్యలో రేకు గోడ ఒక్కటే.

ఆయనకున్నది ఒక్క లేత్. రెండోదాని కోసం పక్కనే సిమెంటు దిమ్మ పోయించి ఉంచాడు. అది వస్తే, ఇక్కడ పని లేక పుణె వెళ్ళిపోయిన తమ్ముణ్ణి వెనక్కి పిలుచుకుంటానని ఆశ. కానీ బిల్లు రాయగానే పన్ను కట్టాలి, సరుకు తీసుకున్నవాళ్ళు డబ్బిచ్చేది ఎప్పుడో. మిషను కోసం కూడబెట్టింది ప్రతిసారీ అటే పోయేది.

టీ తాగేటప్పుడు మొదలెట్టేవాడు. "పన్ను కట్టనంటన్నానేటి? తగ్గించమంటన్నాను. మిగిలింది నాను తినేత్తానేటి బావా? మిషను పెడతాను, తమ్ముడొత్తాడు. ఆడు కొనే బండి మీదా, బట్టల మీదా మల్లీ పన్నే కదా!"

"మరి ఆసుపత్రులకి, రోడ్లకి డబ్బులెక్కణ్ణించి వత్తాయి?" అని గిల్లేవాణ్ణి.

"పనులు పెరిగితే కట్టీవోళ్ళు పెరగరేటి? మిషను కొన్న ఏడాదే దాని కర్సంతా లాబంలోంచి తీసీసి, మిగిల్దాని మీదే పన్నెయ్యమను. సూడు, ఈ రోడ్డంతా మిషన్లే."

"నీ ఉపన్యాసం మీద కూడా పన్నేత్తారు, ఆపు" అనేవాణ్ణి. నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఆయన మాటే నా మాట కూడా. నా షెడ్డులోనూ ఇంకో రంపానికి చోటుంది.

ఆ దిమ్మ మీద ఎవరినీ టీ గ్లాసు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. అందరం చుట్టూ తిరిగి నడిచేవాళ్ళం. దసరాకి ఆయుధపూజ చేసి లేత్‌కి బొట్టు పెట్టి, ఖాళీ దిమ్మకీ పెట్టేవాడు. హారతి కూడా ఇచ్చేవాడు. మొన్న దసరాకి హారతయ్యాక వంగి, దిమ్మకి చెవి ఆనించి, "ఇనబడతందేటి బావా?" అన్నాడు. నాకు వినబడలేదు. వినబడిందని చెప్పాను. ఆయన ముఖంలో ఆ సంతోషం ఇప్పటికీ నన్ను వదలదు.

పెద్దకర్మ అయ్యాక తమ్ముడు షెడ్డు తెరిచాడు. దిమ్మ మీద బొట్టు ఇంకా చెరగలేదు. దాని ముందు, మిషనుంటే మనిషి నిలబడే చోట, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. "ఫోన్ సేసినప్పుడల్లా, నీ సోటు ఉంచాన్రా అనీవోడు" అన్నాడు. మర్నాడు పుణె రైలెక్కేశాడు.

మీరెప్పుడైనా ఈ దారిన వస్తే, తాళం వేసున్న షెడ్డు ఒకటి కనబడుతుంది. సాయంత్రం నా రంపం ఆపగానే దాని లోపల ఏదో తిరుగుతున్నట్టుంటుంది. రేకు గోడకి చెవి ఆనిస్తాను. తిరుగుతున్నది ఒక లేత్ కాదు, రెండు.